జీవ ఇంధనాలు – పర్యావరణానికి మేలెంత? కీడెంత?



ఈ రోజు బంకులో బండికి పోయించుకునే పెట్రోలులో దాదాపు అయిదో వంతు పెట్రోలు కాదు. అది చెరకు నుంచో, మొక్కజొన్న నుంచో, బియ్యం నుంచో తీసిన ఇథనాల్. మన దేశంలో 2003లో కొన్ని రాష్ట్రాలలో 5 శాతంతో మొదలైన ఈ కలపడం 2022 జూన్ నాటికి 10 శాతానికి, 2025 నాటికి 20 శాతానికి చేరింది. దీనిని "పచ్చని ఇంధనం" అని పొగిడేవారు ఉన్నారు. "మనుషుల నోటి దగ్గరి గింజలను బండి నోట్లో పోస్తున్నారు" అని తిట్టేవారూ ఉన్నారు. ఇందులో ఎవరి మాట నిజం?

పోటీ పరీక్షలకు, వ్యాసరచన పోటీలకు ఈ అంశం తప్పక ఉపయోగపడుతుంది. కాని మేము ఈ పాఠం రాయడానికి పరీక్ష ఒక్కటే కారణం కాదు. జీవ ఇంధనానికి కావలసినవి ముఖ్యంగా మూడు – భూమి, నీరు, గింజ. ఈ మూడింటికీ కొరత ఉన్న ఇళ్ళ నుంచే మనలో ఎక్కువమందిమి ఈ హాస్టల్‌కు వచ్చాం. కనుక దీని మేలు, కీడు రెండూ అందరికంటే ముందు మనం అర్థం చేసుకోవాలి.

జీవ ఇంధనం అంటే ఏమిటి?

ఇటీవలి కాలంలో పెరిగిన మొక్కల నుంచి గాని, పశువుల పేడ వంటి వ్యర్థాల నుంచి గాని తయారయ్యే ఇంధనాన్ని జీవ ఇంధనం అంటారు. ఆ లెక్కన మన అమ్మమ్మలు వాడిన కట్టెలు, పిడకలు కూడా జీవ ఇంధనాలే.

బొగ్గు, పెట్రోలియం కూడా ఒకప్పటి జీవపదార్థం నుంచి వచ్చినవే కదా, మరి తేడా ఏమిటి అని అడగవచ్చు. తేడా కాలంలో ఉంది. అవి కోట్ల సంవత్సరాల క్రితం భూమిలో పూడిపోయిన కార్బన్. వాటిని మండిస్తే ఎప్పటిదో పూడిన కార్బన్ కొత్తగా గాలిలోకి చేరుతుంది. చెరకు అలా కాదు. అది నిరుడు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడే, దాని ఇథనాల్‌ను మండించినప్పుడు తిరిగి గాలిలోకి వస్తుంది. తీసుకున్నదే తిరిగి ఇచ్చింది కాబట్టి గాలిలో కార్బన్ పెరగదు అనేది జీవ ఇంధనాల వెనుక ఉన్న మూల సూత్రం. ఈ సూత్రం వినడానికి బాగుంది. లెక్క మొత్తం వేస్తే ఎక్కడ తప్పుతుందో ముందు ముందు చూద్దాం.

ప్రధాన రకాలు, తయారీ విధానం

1. ఇథనాల్: చక్కెరను ఈస్ట్ అనే సూక్ష్మజీవి పులియబెడితే ఇథనాల్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. తాటికల్లు పులిసేది కూడా ఈ పద్ధతిలోనే. రసాయన సమీకరణం ప్రకారం 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. బియ్యం, మొక్కజొన్నలలో ఉండేది పిండిపదార్థం కాబట్టి ముందుగా ఎంజైములతో దానిని చక్కెరగా మార్చుకోవాలి. పులిసిన ద్రవాన్ని బట్టీ పట్టి, నీరు పూర్తిగా తీసివేసి పెట్రోలులో కలుపుతారు.

2. బయోడీజిల్: కానుగ, జట్రోఫా, పామాయిల్, సోయా వంటి నూనెలను గాని, వాడేసిన వంటనూనెను గాని క్షారం సమక్షంలో మిథనాల్‌తో చర్య జరిపిస్తే బయోడీజిల్, గ్లిజరిన్ వస్తాయి. గ్లిజరిన్‌ను సబ్బులకు, మందులకు వాడతారు.

3. బయోగ్యాస్: పేడ, కూరగాయల చెత్త, మిగిలిన అన్నం వంటివి గాలి చొరబడని తొట్టిలో కుళ్ళితే మీథేన్ ఎక్కువగా ఉన్న వాయువు వస్తుంది. మన ఊళ్ళలో గోబర్ గ్యాస్ అంటే అందరికీ తెలుసు.

ముడిసరుకును బట్టి వీటిని తరాలుగా కూడా విభజిస్తారు. తిండి పంటల నుంచి తీసేది మొదటి తరం. గడ్డి, పిప్పి, చెత్త వంటి తినడానికి పనికిరాని వాటి నుంచి తీసేది రెండవ తరం. నాచు నుంచి తీసేది మూడవ తరం. ఈ మూడవ తరం ఇంకా ప్రయోగాల దశ దాటి పెద్ద ఎత్తున మార్కెట్‌కు రాలేదు.

కొంచెం చరిత్ర

జీవ ఇంధనం కొత్త ఆలోచన కాదు. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో రుడాల్ఫ్ డీజిల్ రూపొందించిన ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. తర్వాత పెట్రోలియం చౌకగా దొరకడంతో అందరూ దానిని మరచిపోయారు. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాక బ్రెజిల్ 1975లో చెరకు నుంచి ఇథనాల్ తీసే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2025 ఆగస్టు నుంచి అక్కడ పెట్రోలులో 30 శాతం ఇథనాల్ కలుపుతున్నారు.

మన దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచే వస్తోంది. అందుకే 2009లో ఒకసారి, 2018లో మరోసారి జాతీయ జీవ ఇంధన విధానాన్ని ప్రకటించారు. 20 శాతం ఇథనాల్ లక్ష్యాన్ని 2030కి అనుకున్నవారు, 2022లో విధానాన్ని సవరించి 2025–26కే ముందుకు జరిపారు. 2013–14లో మనం కలిపిన ఇథనాల్ కేవలం 38 కోట్ల లీటర్లు. 2024–25లో అది వెయ్యి కోట్ల లీటర్లు దాటింది.

పర్యావరణానికి కలిగే మేలు

1. హరితగృహ వాయువులు తగ్గడం: పంట పండించడం దగ్గర నుంచి బండిలో మండేదాకా లెక్క వేస్తే పెట్రోలుతో పోల్చినప్పుడు చెరకు ఇథనాల్ వల్ల 65 శాతం, మొక్కజొన్న ఇథనాల్ వల్ల 50 శాతం తక్కువ హరితగృహ వాయువులు వస్తాయని నీతి ఆయోగ్ అంచనా. చెరకుకు ఎక్కువ మార్కులు రావడానికి ఒక కారణం పిప్పి. చక్కెర మిల్లు తన బాయిలరును బొగ్గుతో కాక తన పిప్పితోనే నడుపుకుంటుంది.

2. పొగ తగ్గడం: ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంది. కాబట్టి ఇంధనం మరింత పూర్తిగా మండుతుంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వాడితే విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ ద్విచక్ర వాహనాల్లో సుమారు 50 శాతం, కార్లలో సుమారు 30 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదిక తెలిపింది. బయోడీజిల్‌లో గంధకం దాదాపు ఉండదు, నల్లని పొగ తక్కువ.

3. నేలకు, నీటికి తక్కువ హాని: సముద్రంలో ముడి చమురు ఒలికితే ఏళ్ళ తరబడి చేపలు, పక్షులు చచ్చిపోతాయి. బయోడీజిల్, ఇథనాల్ ఒలికినా సూక్ష్మజీవులు వాటిని త్వరగా విచ్ఛిన్నం చేస్తాయి.

4. చెత్తకు విలువ రావడం: కుప్పలో కుళ్ళే చెత్త నుంచి మీథేన్ ఎలాగూ గాలిలోకి పోతుంది. వందేళ్ళ లెక్కలో ఒక కిలో మీథేన్ సుమారు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడిని పట్టి ఉంచుతుంది. అదే మీథేన్‌ను పట్టి పొయ్యిలో మండిస్తే గాలికి మేలు, వంటకు మేలు. మిగిలిన ముద్ద పొలానికి ఎరువు.

5. వంటింటి ఆరోగ్యం: కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊది ఊది కళ్ళు, ఊపిరితిత్తులు పాడుచేసుకున్న తల్లులు మన ఇళ్ళల్లో ఎందరో. గోబర్ గ్యాస్ పొయ్యికి పొగ రాదు, కట్టెల కోసం చెట్లు కొట్టే పని ఉండదు.

పర్యావరణానికి కలిగే కీడు

1. కార్బన్ అప్పు: "తీసుకున్నదే తిరిగి ఇచ్చింది" అనే సూత్రం, ఆ పంట వేసిన నేల అంతకుముందు కూడా పొలమే అయినప్పుడు మాత్రమే నిలుస్తుంది. అడవిని కొట్టి పంట వేస్తే చెట్లలో, నేలలో వందల ఏళ్ళుగా దాచి ఉన్న కార్బన్ ముందే గాలిలోకి పోతుంది. ఆ అప్పు తీరిన తర్వాతే లాభం మొదలు. 2008లో 'సైన్స్' పత్రికలో ఫార్జియోన్ బృందం ఈ అప్పును లెక్కగట్టింది. ఇండోనేషియా, మలేషియాలలో చిత్తడి నేలల అడవిని కొట్టి పామాయిల్ తోట వేసి బయోడీజిల్ తీస్తే ఆ అప్పు తీరడానికి సుమారు 423 సంవత్సరాలు పడుతుంది. మామూలు నేల మీది వానకారు అడవికి 86 సంవత్సరాలు. అమెరికాలో గడ్డిభూమిని దున్ని మొక్కజొన్న వేస్తే 93 సంవత్సరాలు. బ్రెజిల్‌లో సెరాడో మైదానంలో చెరకు వేస్తే 17 సంవత్సరాలు. వాతావరణాన్ని కాపాడాలని బయలుదేరి అడవిని పోగొట్టుకుంటే, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లే. యూరోపియన్ యూనియన్ ఈ సంగతి గ్రహించి, అడవుల నాశనానికి ఎక్కువగా కారణమయ్యే పామాయిల్ ఇంధనాన్ని 2030 నాటికి తన లెక్కల్లోంచి తొలగించాలని 2018లో నిర్ణయించింది.

2. పరోక్ష నష్టం: అడవి కొట్టకుండా ఉన్న పొలంలోనే ఇంధన పంట వేసినా కథ అక్కడితో ఆగదు. ఆ పొలంలో అంతకుముందు పండిన తిండి పంట ఇంకెక్కడో పండాలి. దాని కోసం ఇంకో చోట అడవి పోవచ్చు. దీనిని పరోక్ష భూవినియోగ మార్పు అంటారు. కళ్ళకు కనపడదు కాబట్టి దీనిని లెక్కల్లో వదిలేయడం సులభం.

3. నీరు: చెరకుతో ఒక లీటరు ఇథనాల్ తీయడానికి సుమారు 2,860 లీటర్ల నీరు అవసరమని నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. మన దేశంలో సేద్యపు నీటిలో సుమారు 70 శాతం వరి, చెరకు పంటలే తాగుతున్నాయని కూడా అందులోనే ఉంది. వెయ్యి అడుగుల బోరు వేసినా నీళ్ళు పడని ప్రాంతాల్లో ఇంధనం కోసం నీటిపంటలు పెంచడం అంటే రేపటి తాగునీటిని నేడు మండించడమే.

4. ఎరువులు: మొక్కజొన్నకు యూరియా ఎక్కువ కావాలి. నేలలో వేసిన నత్రజని ఎరువులో కొంత భాగం నైట్రస్ ఆక్సైడ్‌గా మారి గాలిలో కలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే దాని వేడి పట్టే శక్తి సుమారు 270 రెట్లు ఎక్కువ. ఓజోన్ పొర పరిశోధనకు 1995లో నోబెల్ బహుమతి అందుకున్న పాల్ క్రుట్జెన్ ఈ ప్రమాదాన్ని 2007 నుంచే హెచ్చరించారు.

5. ఫ్యాక్టరీ కాలుష్యం: మొలాసిస్ నుంచి ఒక లీటరు ఇథనాల్ తీస్తే 8 నుంచి 15 లీటర్ల ముదురు గోధుమరంగు వ్యర్థజలం వస్తుంది. శుద్ధి చేయకుండా వదిలితే వాగులో ఆక్సిజన్ అంతా అదే తాగేస్తుంది, చేపలు చస్తాయి. చుక్క కూడా బయటికి వదలకూడదని నిబంధన ఉంది. ఆ నిబంధన ప్రతిరోజూ అమలయ్యేలా చూసేదెవరనేదే గ్రామస్థుల అనుమానం. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో ప్రజలు ఇథనాల్ ఫ్యాక్టరీకి వ్యతిరేకంగా ఆందోళన చేశారు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ దగ్గర 2024 నవంబరులో చుట్టుపక్కల గ్రామాల వారు రహదారి మీద బైఠాయిస్తే, ప్రభుత్వం అక్కడి పనులను ఆపివేయించింది.

6. శక్తి తక్కువ, భూమి ఎక్కువ: లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులే. అందుకే మైలేజీ కొంత తగ్గుతుంది. ఇంకో ముఖ్య విషయం, పంట మొక్క తన మీద పడ్డ ఎండలో సుమారు ఒక శాతాన్ని మాత్రమే శక్తిగా దాచుకోగలదు. సోలార్ పలక సుమారు 20 శాతాన్ని కరెంటుగా మారుస్తుంది. అంటే ఒకే శక్తికి పంటకు చాలా ఎక్కువ నేల కావాలి.

గింజ లెక్క

ఆహారం ప్రశ్న పర్యావరణానికి సంబంధించినది కాదని కొందరు అంటారు. కాని గింజ పండేది నేల, నీళ్ళ మీదే కదా. ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. తమ్ముళ్ళు కాగితం, పెన్ను తీసుకోండి.

ఒక టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే ఒక లీటరు ఇథనాల్‌కు సుమారు 2 కిలోల 200 గ్రాముల బియ్యం. ఆహార భద్రత చట్టం కింద రేషను కార్డులో ఒక మనిషికి నెలకు వచ్చే 5 కిలోల బియ్యంతో 2.25 లీటర్ల ఇథనాల్ తీయవచ్చు. 20 శాతం చొప్పున అది సుమారు 11 లీటర్ల పెట్రోలులో కలపడానికి సరిపోతుంది. ఒక మనిషి నెల తిండి ఒక మోటారు సైకిల్ ట్యాంకుకు సమానం.

2024–25లో ఇథనాల్ కోసం 52 లక్షల టన్నుల ఎఫ్.సి.ఐ. బియ్యాన్ని క్వింటాలు 2,250 రూపాయలకు ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. గోదాముల్లో నిల్వలు అవసరానికి మించి ఉన్నాయి, ముక్కిపోయే బియ్యం కన్నా ఇది నయం అనేది ప్రభుత్వ వాదన. నిజంగా తినడానికి పనికిరాని బియ్యం అయితే ఆ వాదనలో న్యాయం ఉంది. కాని ఫ్యాక్టరీ ఒకసారి కట్టాక అది మిగులు ఉన్న ఏడాదే నడుస్తానని అనదు. కరువు ఏడాది కూడా దానికి గింజ కావాలి. 2023లో వానలు తగ్గి చెరకు తక్కువైతే, డిసెంబరులో చెరకు రసం నుంచి ఇథనాల్ తీయడంపై ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. అప్పుడు ఆ బరువంతా మొక్కజొన్న మీద పడింది. మొక్కజొన్న ఎగుమతి చేసే మన దేశం 2024లో దిగుమతి చేసుకుంది.

మొక్కజొన్న ధర పెరిగితే పండించిన రైతుకు మేలే, అది కాదనలేము. మన నాన్నల్లో ఎందరో ఆ రైతులే. అయితే కోళ్ళ దాణాలో ప్రధాన భాగం మొక్కజొన్నే. దాణా ధర పెరిగితే గుడ్డు ధర పెరుగుతుంది. మన హాస్టల్ మెనూలో గుడ్డుకు, దూరాన ఉన్న ఇథనాల్ ఫ్యాక్టరీకి ఇలా సంబంధం ఉంది.

ప్రపంచం ఈ పాఠాన్ని ఇంతకుముందే ఒకసారి చదివింది. 2007 జనవరిలో మెక్సికోలో మొక్కజొన్న రొట్టె ధరలు పెరిగి జనం వీధుల్లోకి వచ్చారు. అమెరికాలో మొక్కజొన్న ఇథనాల్‌కు మళ్ళడం అందుకు ఒక కారణమని అప్పట్లో విమర్శలు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో ఐక్యరాజ్యసమితి ఆహార హక్కు ప్రతినిధి జీన్ జీగ్లర్, తిండి పంటలను ఇంధనంగా మార్చడాన్ని మానవాళి పట్ల నేరంగా వర్ణించి, అయిదేళ్ళపాటు ఆపమని కోరారు.

బంజరు ఎవరిది?

తిండి పంటలు వద్దంటే మరి బీడు భూముల్లో పెంచవచ్చు కదా అనే ఆలోచన మన దేశంలో చాలా బలంగా వచ్చింది. 2003లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ, జట్రోఫాను (అడవి ఆముదం) 1 కోటి 12 లక్షల హెక్టార్లలో పెంచితే 2011–12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపవచ్చని చెప్పింది. నీళ్ళు అక్కరలేదు, ఎరువు అక్కరలేదు, పశువులు తినవు, ఎక్కడైనా బతుకుతుంది అని దానిని ఆకాశానికి ఎత్తారు.

బతకడం వేరు, కాయడం వేరు. నీళ్ళు, ఎరువు లేకపోతే మొక్క బతికింది గాని గింజ తగినంత రాలేదు. మంచి విత్తనం లేదు. మొదటి కాపు కోసం మూడు నాలుగేళ్ళు ఆగే స్తోమత పేద రైతుకు లేదు. లక్ష్యం కాగితం మీదే మిగిలింది. నేటికీ మన డీజిల్‌లో బయోడీజిల్ ఒక శాతం కూడా లేదు.

దీనికంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. రెవెన్యూ రికార్డులో బంజరు, పోరంబోకు, గైరాన్ అని రాసి ఉన్న నేల నిజంగా ఖాళీగా ఉందా? మేకలు, గొర్రెలు మేసేది అక్కడే. ఎండు పుల్లలు ఏరేది, చీపురు గడ్డి కోసేది, సీతాఫలాలు తెంపి బస్టాండులో అమ్మేది ఆ గుట్టల మీద నుంచే. సెంటు భూమి లేని ఇంటికి అది పట్టా లేని ఆస్తి. పశువులు తినవు అని మొక్కను పొగిడారంటే, మేత పోయిందనే కదా అర్థం! రికార్డులో బంజరు అయినది బతుకులో బంజరు కాదు. ఈ ప్రశ్న పాతబడలేదు. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లి దగ్గర నేపియర్ గడ్డి వంటి వాటితో బయోగ్యాస్ తీసే ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. ఇటువంటివి మరెన్నో వస్తాయంటున్నారు. ఏ నేలలో ఆ గడ్డి పెరుగుతుంది, ఆ నేల మీద ఇప్పటిదాకా ఎవరు బతికారు అనేది ప్రతిచోటా ముందే అడగాలి.

బీడు నేల పథకాలన్నీ చెడ్డవి అని మా ఉద్దేశం కాదు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే చిన్న ఆదివాసీ గ్రామాన్ని చూడండి. అక్కడి మహిళా సంఘాలు కానుగ చెట్లు పెంచి, గింజలు ఏరి, నూనె తీశాయి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ సహకరించింది. కానుగ మన నేలకు కొత్తది కాదు. పొలం గట్టున, వాగు ఒడ్డున పెరిగేదే, తెగులు మందుగా, ఎరువుగా మన పెద్దలకు తెలిసినదే. డీజిల్‌కు బదులు ఆ నూనె వాడితే పదేళ్ళలో తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు ప్రతిఫలంగా 2003లో ప్రపంచ బ్యాంకు ఆ గ్రామానికి 645 డాలర్లు చెల్లించింది. డబ్బు కొంచెమే. కాని అక్కడ చెట్టు మీద హక్కు, నూనె మీద హక్కు ఆ స్త్రీలవే. జట్రోఫా పథకానికి, పవర్‌గూడకు తేడా మొక్కలో కన్నా ఆ హక్కులోనే ఎక్కువగా ఉంది.

వ్యర్థం నుంచి వెలుగు

జీవ ఇంధనాల్లో ఎక్కువ మేలు, తక్కువ కీడు ఉన్న దారి వ్యర్థాల నుంచి తీయడమే. దీనికి కొత్తగా నేల అక్కరలేదు, నీళ్ళు అక్కరలేదు, ఎవరి కంచంలోనిదీ తీయనక్కరలేదు.

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజూ మిగిలే సుమారు 10 టన్నుల చెత్తతో రోజుకు 500 యూనిట్ల దాకా కరెంటు తీసే బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. హైదరాబాద్‌లోని ఐ.ఐ.సి.టి. శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి అది. మార్కెట్ దీపాలకు ఆ కరెంటే వాడుతున్నారని 2021 జనవరిలో దేశమంతా చెప్పుకున్నారు. హర్యానాలోని పానిపట్‌లో 2022 ఆగస్టులో ప్రారంభమైన కర్మాగారాన్ని ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయడానికి నిర్మించారు. పొలాల్లో గడ్డి తగలబెట్టే పొగకు ఇది ఒక విరుగుడు. అయితే గడ్డి నుంచి ఇథనాల్ తీయడం ఖర్చుతో కూడిన పని. పైగా గడ్డి అంతా తీసుకుపోతే పశువుల మేత, నేలలోని సేంద్రియ పదార్థం తగ్గుతాయి. కాబట్టి తగలబెట్టే గడ్డినే తీసుకోవాలి.

తూచి చూసే పద్ధతి

ఇంతవరకు చెప్పినదానిని బట్టి మాకు తోచింది ఇది. జీవ ఇంధనం అనే పేరును చూసి మంచిదనీ అనలేము, చెడ్డదనీ అనలేము. ఏ ఇంధనం గురించి విన్నా నాలుగు ప్రశ్నలు అడగాలి.

ఒకటి – దేని నుంచి తీశారు? మనిషి తినేదా, పారేసేదా?
రెండు – ఆ నేల అంతకుముందు ఏమిటి? దాని మీద ఎవరు బతికేవారు?
మూడు – నీళ్ళు, ఎరువులు ఎంత పోశారు?
నాలుగు – ఫ్యాక్టరీ మురుగు ఎక్కడికి పోతోంది?

అడవి కొట్టి వేసిన పామాయిల్ రెండో ప్రశ్న దగ్గరే తప్పుతుంది. చెరకు మూడో ప్రశ్న దగ్గర, తినే బియ్యం మొదటి ప్రశ్న దగ్గర తడబడతాయి. గట్టు మీది కానుగ, మార్కెట్ చెత్త, వాడేసిన నూనె నాలుగింటిలోనూ చాలావరకు నెగ్గుతాయి. అయితే ఇలా నెగ్గేవి దొరికేది కొంచెమే. దేశంలోని బండ్లన్నింటికీ అవి చాలవు. కనుక జీవ ఇంధనంతో పాటు బస్సులు, రైళ్ళు పెరగాలి, వృథా ప్రయాణాలు తగ్గాలి.

మన హాస్టల్‌లో ఏం చేయవచ్చు?

పూరీలు, బజ్జీలు వేసిన రోజు మిగిలిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచడం ఆరోగ్యానికి హాని. నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం మించితే వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. కాలువలో పోస్తే అది గడ్డకట్టి అడ్డుపడుతుంది. అటువంటి నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చడానికి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లోనే కార్యక్రమం ప్రారంభించింది. పట్టణాల్లోని హాస్టళ్ళు దానిని ఉపయోగించుకోవచ్చు.

కూరగాయ తొక్కలు, మిగిలిన అన్నంతో చిన్న బయోగ్యాస్ తొట్టి పెడితే సిలిండర్ ఖర్చు కొంత తగ్గుతుంది, ఎరువు కరివేపాకు, బొప్పాయి మొక్కలకు పనికివస్తుంది. అయితే అన్నం పారేసి గ్యాస్ తీయడం కంటే కంచంలో అన్నం వదలకపోవడం ఎంతో గొప్ప పని. ఆ గింజ పండించడానికి పోసిన నీరు, ఎరువు, చెమట అన్నీ అందులోనే మిగులుతాయి.

పరీక్షల కోసం గుర్తుంచుకోండి

– పారిస్‌లో వేరుశనగ నూనెతో డీజిల్ ఇంజను: 1900
– బ్రెజిల్ ఇథనాల్ కార్యక్రమం: 1975
– జాతీయ జీవ ఇంధన విధానాలు: 2009, 2018, సవరణ 2022
– 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి ఇథనాల్: 92 గ్రాములు
– బయోగ్యాస్‌లో ప్రధాన వాయువు: మీథేన్
– బయోడీజిల్ తయారీలో ఉప ఉత్పత్తి: గ్లిజరిన్
– చెరకు ఇథనాల్ లీటరుకు కావలసిన నీరు: సుమారు 2,860 లీటర్లు

ముగింపు

రేపు మనలో కొందరు గ్రామ కార్యదర్శులవుతారు, కొందరు ఇంజనీర్లు, తహసీల్దార్లు, టీచర్లు అవుతారు. "ఈ బంజరు భూమిలో ఇంధన పంటకు అనుమతి ఇవ్వవచ్చునా?" అనే ఫైలు మన బల్ల మీదకే రావచ్చు. ఆ రోజు ఫైలు మీద సంతకం పెట్టేముందు ఆ గుట్ట ఎక్కి, మేకలు కాస్తున్న మనిషిని పిలిచి మాట్లాడండి. పై నాలుగు ప్రశ్నల్లో కనీసం రెండింటికి జవాబు ఆయన దగ్గరే దొరుకుతుంది.